జీరో విమానపు నమూనా: కొలత, చెక్కడము, రంగు

తరగతి గదిలోని భూగోళమును చూచి దానిని మనము బొమ్మ యనము. ఏలన, అందలి ప్రతి సముద్రమును, ప్రతి ద్వీపమును ఒక నిష్పత్తికి లోబడి యున్నవి. సంతలో అమ్ము మట్టి ఏనుగునకు తొండము కొంచెము పొడవైనను, చెవులు కొంచెము చిన్నవైనను బాధ లేదు. భూగోళమున మాత్రము ఆఫ్రికా ఖండము ఆసియాకంటె పెద్దదిగా ఉన్నచో అది పనికిరాదు. నిష్పత్తికి లోబడనిది బొమ్మ, లోబడినది నమూనా. ఈ భేదమును మనస్సున నుంచుకొని, ఒక యుద్ధవిమానమునకు నమూనాను ఎట్లు కొలిచి, చెక్కి, రంగు వేయవలెనో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. మేము గైకొన్నది రెండవ ప్రపంచయుద్ధము నాటి జపాను విమానము. దాని పేరు జీరో.

1. పాఠశాలలు చేసిన నమూనాలు

విమానపు నమూనాలు చేయుట ఆటగా మొదలైనను, ఒక కాలమున అది పాఠశాలల కప్పగింపబడిన పని యయ్యెను. 1942వ సంవత్సరమున అమెరికా నౌకాదళము తమ దేశపు ఉన్నత పాఠశాలల విద్యార్థులను అయిదు లక్షల విమాన నమూనాలు చేసి యిమ్మని కోరెను. ఏబది రకముల విమానములు, రకమునకు పదివేలు. అన్నియు కొయ్యతో చెక్కవలెను. అన్నింటికిని నిష్పత్తి 1/72. అన్నింటికిని నల్లని రంగే పూయవలెను.

ఆ నమూనాల ప్రయోజనము అలంకారము కాదు. ఆకాశమున వచ్చుచున్న విమానము మిత్రునిదో శత్రువుదో కొన్ని క్షణములలో పోల్చుకొనుట సైనికులకు నేర్పుటకై అవి ఉద్దేశింపబడినవి. దూరమున నెగురు విమానమునకు రంగు కన్పట్టదు. నల్లని నీడవంటి ఆకారమే కన్పట్టును. కావుననే నల్లరంగు. ఇక 1/72 అను నిష్పత్తి ఎట్లు వచ్చినది? ఆరు అడుగులకు డెబ్బది రెండు అంగుళములు గదా! అసలు విమానమునందలి ఆరు అడుగులు నమూనాయందు ఒక్క అంగుళమగును. అంగుళములతో కొలుచు దేశములలో లెక్కకు ఇది మిక్కిలి సులభము. అట్టి నమూనాను 10 మీటర్ల దూరమున పట్టుకొన్నచో, 720 మీటర్ల దూరమునందున్న అసలు విమానము కంటి కెంత కన్పట్టునో అంతయే కన్పట్టును.

ఆ విద్యార్థులకు రంగుతో పని లేకపోయెను. నేడు మనకు శత్రువును పోల్చుకొను అవసరము లేదు. గడచిన కాలమును ఉన్నదున్నట్లు తెలిసికొను అవసరము కలదు. అందుచేత మనకు ఆకారముతోపాటు రంగును కావలెను. ఆకారముకంటె రంగే కష్టమైనదని ముందు ముందు తెలియగలదు.

2. మనము చేయబోవు విమానము

జీరో విమానమును మిత్సుబిషి సంస్థయందు హొరికొషి జిరో అను ఇంజనీరు నాయకత్వమున రూపొందించిరి. 1939 ఏప్రిలు 1వ తేదీన అది మొదట ఎగిరెను. 1940లో జపాను నౌకాదళము దానిని స్వీకరించెను. అప్పటి జపానువారి రాజశకము మన వాడుకలోని సంవత్సరమునకు 660 కలిపిన వచ్చును. 1940కి 660 కలుపగా 2600 అగును. ఆ సంఖ్య తుదిని సున్న యున్నది గనుక ఆ విమానము సున్న రకమాయెను. ఇంగ్లీషున జీరో యనిరి. ఇట్లే 1937లో స్వీకరింపబడిన బాంబు విమానము 2597 అను సంఖ్యనుబట్టి 97 రకము అనబడెను.

ఈ 97 రకపు విమానములకును తెలుగు దేశమునకును ఒక దుఃఖకరమైన సంబంధము కలదు. 1942 ఏప్రిలు 6వ తేదీన ర్యూజో అను జపాను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. తీరమునందలి జనులు అనేకులు ఊళ్లు విడిచి లోపలి పల్లెలకు పోయిరి. ఈ పత్రిక చదువువారిలో తీరాంధ్రమున బంధువులు గలవారి యిండ్లలో ఆ నాటి ముచ్చట నేటికిని పెద్దల నోట వినవచ్చును.

రెండు నెలలు గడచెను. అదే ర్యూజో నౌక ఉత్తరమున అలాస్కా సమీపమునకు పోయెను. 1942 జూను 4వ తేదీన దానినుండి లేచిన జీరో విమానములలో ఒకదానిని నడిపినవాడు కోగా తదయొషి. వయస్సు పందొమ్మిదేండ్లు. డచ్ హార్బరు అను స్థావరముపై దాడి చేయుచుండగా తుపాకిగుండు తగిలి ఆతని యింజనుకు నూనె తెచ్చు గొట్టము తెగెను. ఆతడు సమీపమునందలి అకుటాన్ ద్వీపమున దిగజూచెను. పైనుండి చూడగా పచ్చిక బయలువలె కన్పట్టినది. దిగిచూడగా అది బురదనేల. చక్రములు దిగబడి విమానము వెల్లకిల బోర్లపడెను. కోగా అక్కడనే మరణించెను. శత్రువుల చేజిక్కకుండ కూలిన విమానమును కాల్చివేయవలెనని తోడి విమానికులకు ఆజ్ఞ కలదు. కాని లోపలి మిత్రుడు బ్రతికియుండునేమో యని వారు కాల్చలేక మరలిపోయిరి.

జూలై 10వ తేదీన అమెరికా గస్తీ విమానమొకటి దానిని కనుగొనెను. దానిని శాన్ డియేగో నగరమునకు కొనిపోయి, బాగుచేసి, సెప్టెంబరు 20న ఎగురవేసిరి. అధిక వేగమున దాని రెక్కల చివరి పలకలు బిగిసిపోవుననియు, కుడివైపునకు త్వరగా పొర్లలేదనియు, తటాలున క్రిందికి వంచినచో ఇంజను నిమేషకాలము ఆగిపోవుననియు తెలిసికొనిరి. ఇద్దరు స్నేహితుల దయ ఒక దేశపు రహస్యమును ఇట్లు బయలుపరచెను. మనము చేయబోవు నమూనా ఈ కోగా నడిపిన విమానమునకే. దాని తోకమీద రోమను లిపిలో డీ, ఐ అను రెండక్షరములును, 108 అను అంకెయు ఉండెను.

3. కొలతలు

ఉలి పట్టుటకు ముందు పెన్సిలు పట్టవలెను. ఈ రకపు జీరో విమానమునకు రెక్కల కొననుండి కొనకు 12 మీటర్లు. ముక్కునుండి తోకవరకు 9.06 మీటర్లు. ప్రొపెల్లరు వ్యాసము 2.90 మీటర్లు. వీనిని 72తో భాగించినచో రెక్కలు 166.7 మి.మీ., పొడవు 125.8 మి.మీ., ప్రొపెల్లరు 40.3 మి.మీ. వచ్చును. అనగా నమూనా అరచేతికంటె కొంచెము పెద్దది. 1/48 నిష్పత్తిని ఎన్నుకొన్నచో రెక్కలు 250 మి.మీ., పొడవు 188.8 మి.మీ. అగును. 1/32 అయినచో రెక్కలు 375 మి.మీ. వచ్చును. మొదటిసారి చేయువారికి 1/72 చాలును.

ఈ విమానపు రెక్కల చివరలు ఒక్కొక్కటి అర మీటరు మేర పైకి మడచుటకు వీలుగా ఉండెను. నౌకయొక్క ఎత్తుడు యంత్రమున ఇరుకు లేకుండ పట్టుటకై ఈ యేర్పాటు. నమూనాయందు ఆ మడత 6.9 మి.మీ. దూరమున సన్నని గీతగా చూపవలెను. తరువాత వచ్చిన 32వ నమూనా జీరోకు ఈ మడతలు తీసివేసి రెక్కలను 11 మీటర్లకు తగ్గించిరి. కావున 12 మీటర్ల రెక్కలుగల పటమును, 11 మీటర్ల రెక్కలుగల పటమును కలిపి చూచుకొన్నవాడు ఎన్నడును లేని మూడవ విమానమును సృష్టించును.

ఇక్కడ గణితమున ఒక మర్మము కలదు. పొడవు 72 రెట్లు తగ్గినపుడు వైశాల్యము 72 రెట్లు గాక 72 × 72, అనగా 5,184 రెట్లు తగ్గును. ఘనపరిమాణము 3,73,248 రెట్లు తగ్గును. అసలు విమానము ఇంధనము లేకుండ ఇంచుమించు 1,680 కిలోగ్రాములు తూగెను. దీనిని 3,73,248తో భాగించినచో 4.5 గ్రాములు వచ్చును! మన కొయ్య నమూనా దానికి ఎన్నో రెట్లు బరువుండుటకు కారణము, అసలు విమానము లోపల డొల్ల. దాని తొడుగు పలుచని రేకు. ప్లాస్టిక్కు నమూనా తొడుగు ఒక మిల్లీమీటరు మందమున్నచో, అసలు విమానమునకు 72 మి.మీ. మందపు ఇనుప గోడ ఉన్నట్లే. అందుచేతనే రెక్కల వెనుకటి అంచులను అరగదీసి పలుచన చేయవలెనని పెద్దలు చెప్పుదురు.

విమానము ఇంత తేలికగా ఉండుటకు మూల్యము చెల్లింపబడెను. దాని యింజను దాదాపు 940 అశ్వశక్తి మాత్రమే. ఆ కొంచెము శక్తితో వేగమును, మిక్కిలి దూరమును సాధింపవలెనని నౌకాదళము కోరినది. నిర్మాతలు గ్రాములను లెక్కించి, లోపలి దూలములకు రంధ్రములు తొలిచి బరువు తగ్గించిరి. విమానికుని వెనుక ఉక్కు పలక ఉంచలేదు. గుండు తగిలినను తమంతట తాము పూడుకొను ఇంధనపు తొట్లు ఉంచలేదు. నమూనా తయారుచేయువాడు ఆ సన్నని దేహమును చేతబట్టి చూచినపుడు, ఆ సౌందర్యమును ఆ ప్రాణాపాయమును ఒకే నిర్ణయమునుండి పుట్టినవని గ్రహించును.

4. చెక్కడము

జపానునందు నమూనాల పరిశ్రమకు షిజువోకా పట్టణము ప్రసిద్ధి. అక్కడి తమియా సంస్థ 1946లో కొయ్యకోత మిల్లుగా మొదలై, కొయ్య నమూనాలు చేసి, 1960లో ప్లాస్టిక్కునకు మారెను. హసెగావా సంస్థయు 1941లో పాఠశాలలకు కొయ్య ఉపకరణములు చేయుటతో మొదలైనది. నేడు ప్లాస్టిక్కు పెట్టెలు కొనుట సులభమైనను, కొయ్యతో చెక్కుట నేర్చినవానికి ఆకారము మనస్సున నాటుకొనును. కావున మొదట కొయ్యపద్ధతి చెప్పెదము.

కొయ్య తేలికగా, నారలు లేక, చాకుకు లొంగునదిగా ఉండవలెను. మన కొండపల్లి బొమ్మలు చేయు తెల్లపొణికి కొయ్య ఇందుకు అనువైనది. అది దొరకనిచోట పెట్టెలు చేయు తేలిక చెక్క చాలును. 130 మి.మీ. పొడవు, 25 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. ఎత్తు గల దిమ్మెను మొండెమునకు తీసికొనవలెను. కాగితముపై విమానపు ప్రక్కచూపును, పైచూపును సరియైన కొలతలతో గీచి, ప్రక్కచూపును దిమ్మె ప్రక్కనను, పైచూపును దిమ్మె మీదను అంటింపవలెను. మొదట ప్రక్కచూపు ననుసరించి రంపముతో కోసి, కోసిన ముక్కలను పారవేయక తిరిగి పెట్టి సన్నని మేకులతో నిలిపి, అటుపిమ్మట పైచూపు ననుసరించి కోయవలెను. ముక్కలు లేనిచో రెండవ కోతకు దిమ్మె నిలువదు.

ఇప్పుడు మొండెము నాలుగు పలకలుగా కన్పట్టును. దానిని గుండ్రముగా చేయుటకు అట్టతో అయిదు అచ్చులు కత్తిరింపవలెను. ముక్కువద్ద ఒకటి, విమానికుని గదివద్ద ఒకటి, రెక్కల వెనుక ఒకటి, నడితోకవద్ద ఒకటి, తోకమొదట ఒకటి. చాకుతో చెక్కుచు, ఆకురాయితో రాచుచు, మాటిమాటికి అచ్చును పెట్టి చూడవలెను. వెలుతురు అచ్చునకును కొయ్యకును నడుమ ఎక్కడ చొచ్చుచున్నదో చూచినచో ఎక్కడ ఎంత తీయవలెనో తెలియును. చెక్కినది మరల అంటదు. కావున అచ్చు కొంచెము బిగువుగా ఉండగనే చాకు దింపి ఉప్పుకాగితము పట్టవలెను.

రెక్కలకు 6 మి.మీ. మందముగల పలక చాలును. అసలు విమానమునందు రెండు రెక్కలును ఒకే ముక్కగా కట్టబడి మొండెపు అడుగున ఇమిడి యుండెను. వేరుగా చేసి బిగించినచో పెద్ద మరలు కావలెను, మరలకు బరువు. నమూనాయందును అట్లే రెక్కలను ఒక్క పలకగా చేసి, మొండెపు అడుగున గాడి తీసి దూర్చుట మేలు. రెక్క ముందంచు గుండ్రముగాను, మూడవవంతువద్ద మందముగాను, వెనుకటి అంచు పలుచగాను ఉండవలెను. రెక్కలు నేలకు సమాంతరముగా ఉండవు. కొనలు పైకి లేచియుండును. ఆ వాలు 6 డిగ్రీలకు కొంచెము తక్కువ. అనగా నడుమనుండి కొనవరకు గల 83 మి.మీ. దూరమున కొన సుమారు 8 మి.మీ. పైకి లేవవలెను. పలకను నడుమ పై భాగమున గంటుపెట్టి వంచి, జిగురుపోసి, కొనల క్రింద సమానమైన ఎత్తుగల చెక్కముక్కలు పెట్టి రాత్రంతయు ఆరనీయవలెను. ఈ వాలు తప్పినచో ఎంత బాగుగా రంగువేసినను విమానము సచ్చుగా కన్పట్టును.

ప్లాస్టిక్కు పెట్టెతో చేయువారికి కొన్ని సూచనలు. భాగములను చట్రమునుండి త్రుంపరాదు, చాకుతో కోయవలెను. కోసిన మచ్చను ఉప్పుకాగితముతో రుద్దవలెను. ఈ ప్లాస్టిక్కునకు పాలిస్టైరీను అని పేరు. దీనికి వాడు ద్రవము నిజమునకు జిగురు కాదు. అది ప్లాస్టిక్కునే కరగించి రెండు ముక్కలను ఒకటిగా చేయును. కావున ముక్కలను ముందు కలిపి పట్టుకొని, కుంచె కొనతో అతుకువెంట కొంచెము ద్రవము తాకించినచో అది తనంతట తానే సందున ప్రాకిపోవును. ఎక్కువైనచో బొమ్మ కరగును. ఆ ద్రవపు ఆవిరి ఆరోగ్యమునకు చెడుపు. కిటికీలు తెరచిన గదిలో, పెద్దల యెదుట వాడవలెను. చాకును ఎల్లప్పుడు చేతికి ఎదురుగా గాక చేతినుండి దూరముగా నడపవలెను. అతుకులలో మిగిలిన సందులను లప్పముతో పూడ్చి, ఆరిన పిమ్మట నునుపు చేయవలెను.

5. రంగు

ఇప్పుడు కష్టమైన భాగమునకు వచ్చితిమి. మేము మొదట చేసిన జీరో నమూనాకు పెట్టెమీది చిత్రమును చూచి, ఇంచుమించు తెలుపనదగిన లేత బూడిద రంగు వేసితిమి. చూచినవా రందరు మెచ్చుకొనిరి. కాలక్రమమున ఈ విషయమును గూర్చి చదివిన పిమ్మట అది తప్పని గ్రహించితిమి. ఆ తప్పు మా యొక్కరిది కాదు. అనేక దశాబ్దములు లోకమంతట నమూనాలు చేయువారు అదే రంగు వేసిరి. ఎందుచేత?

యుద్ధకాలపు ఛాయాచిత్రములలో పెక్కు నలుపు తెలుపులవే. వానియందు రంగు తెలియదు; లేతదో ముదురుదో మాత్రము తెలియును. కూలిన విమానములను చూచినవారు బూడిదరంగు అని వ్రాసిరి. వారు చూచినదియు నిజమే. ఆ నాటి రంగు ఎండకును ఉప్పుగాలికిని పైపొర సున్నపుపొడివలె తేలిపోవునది. పైని కన్పట్టునది తేలిన పొడి. క్రింద నున్నది అసలు రంగు. 1941 డిసెంబరు 7వ తేదీన పెరల్ హార్బరునందు కూలిన జీరోల రేకుముక్కలు కొన్ని భద్రపరచబడి యున్నవి. అట్టి ముక్కల పైపొరను మెల్లగా రుద్ది చూడగా క్రింద పచ్చదనమును పసుపును కలిసిన బూడిదరంగు బయటపడెను.

దీనికి వ్రాతపూర్వకమైన సాక్ష్యమును కలదు. 1942 నాటి జపాను నౌకాదళపు సాంకేతిక నివేదిక యొకటి, జీరో విమానపు రంగు బూడిదయై కొంచెము ‘అమె’ ఛాయకు తిరిగియున్నదని చెప్పుచున్నది. అమె యనగా జపానువారు పిండిపదార్థమునుండి తీయు తీపిపాకము. మనము చేయు లేతపాకమువలె కొంచెము పసుపుగోధుమ ఛాయ గలది. రేకుముక్క ఒక సాక్షి. నివేదిక ఒక సాక్షి. రెండును వేర్వేరు చోట్లనుండి వచ్చి ఒకే మాట చెప్పినపుడు ఆ మాటను నమ్మవచ్చును. పెట్టెమీది చిత్రము సాక్షి కాదు. అది ఒక చిత్రకారుని యూహ.

కావున రంగును ఇట్లు కలుపవలెను. లేత బూడిద రంగును గిన్నెలో తీసికొని, దానికి పసుపుమట్టి రంగును, ఆకుపచ్చను చుక్కచుక్కగా చేర్చవలెను. ప్రతి చుక్కకును ఒక అట్టముక్కపై పూసి ఆరనీయవలెను. తడిరంగును చూచి నిర్ణయింపరాదు. ఆరిన పిమ్మట ఛాయ మారును. దీపపు వెలుతురున గాక పగటి వెలుతురున పోల్చవలెను. ఒంటిగా చూచినపుడు బూడిదగాను, నిజమైన బూడిద ప్రక్కన పెట్టినపుడు పచ్చగోధుమగాను కన్పట్టినచో సరిపోయినదని తెలియవలెను.

ముందుగా నమూనాకు పలుచని అస్తరు పూయవలెను. గీతలు, గుంటలు ఉన్నచో అస్తరు వానిని బయటపెట్టును. తరువాత అసలు రంగును మందముగా ఒక్కసారి గాక పలుచగా మూడుసార్లు వేయవలెను. 0.05 మి.మీ. మందపు రంగు అసలు విమానముపై 3.6 మి.మీ. మందపు పూతకు సమానమని లెక్కించినచో పలుచదనము ఎంత అవసరమో బోధపడును. ఇంజను మూతకు నీలిఛాయ గల నలుపు. రెక్కల చివరి పలకలు, తోక పలకలు రేకువి కావు, గుడ్డ కప్పినవి. గుడ్డకు వేరు పూత గనుక వాని ఛాయ కొంచెము వేరుగా చూపవచ్చును. లోపలి రేకునకు తుప్పుపట్టకుండ పూసిన పారదర్శకమైన నీలిపచ్చని లక్కరంగునకు ‘అవొతకె’ యని పేరు. పచ్చివెదురు అని దాని యర్థము.

ఎఱ్ఱని సూర్యబింబములు ఆరు: రెక్కలపైన రెండు, రెక్కల క్రింద రెండు, మొండెమునకు చెరియొక ప్రక్క ఒకటి. అంటుకాగితమున వృత్తలేఖినితో వృత్తము కోసి, ఆ రంధ్రమున రంగు నింపి, సగము ఆరినపుడు కాగితము తీసినచో అంచు శుభ్రముగా వచ్చును. ఈ విమానమునకు బింబము చుట్టును తెల్లని అంచు లేదు. రెక్కల ముందంచున పసుపుపట్టీ లేదు. అది తరువాత వచ్చినది. పైభాగమున ముదురు ఆకుపచ్చ లేదు. అది 1943 మొదలు వచ్చినది. తేదీ తెలియనిదే రంగు తెలియదు.

6. పాతబడిన ఛాయ

కొందరు నమూనాను సహజముగా చూపదలచి, ఎక్కడబడిన అక్కడ వెండిరంగు చిలుకరించి రంగు ఊడినట్లు చూపుదురు. జపాను సైన్యపు విమానములలో కొన్నింటికి అడుగుపూత లేకుండ రేకుమీదనే రంగు వేసిరి. అవి నిజముగా పెచ్చులూడెను. కాని మిత్సుబిషివారి జీరోకు ఎఱ్ఱమట్టి ఛాయగల అడుగుపూత కలదు. నౌకనుండి ఎగిరిన ఆ విమానమును నిత్యము తుడిచి కాపాడిరి. 1942 ఫిబ్రవరిలో తయారై జూనులో కూలిన విమానము నాలుగు నెలల పసికందు. దానిని ముసలిదిగా చూపుట అసత్యము. పొగగొట్టము వెనుక కొంచెము మసి, చక్రములకు కొంచెము బురద, అంతమాత్రము చాలును.

అర మీటరు దూరమున నుంచి చూచు 1/72 నమూనా, 36 మీటర్ల దూరమునుండి చూచు విమానముతో సమానము. దూరమున రంగులు కొంచెము తేలికపడును. అందుచేత కొందరు రంగున కొంచెము తెలుపు కలుపుదురు. ఇది రుచిని బట్టియుండును, నిషేధింపము.

7. నమూనా ప్రక్కన చీటి

నమూనా పూర్తియైనది. అది మిక్కిలి అందముగా నున్నది. ఇప్పుడే ఒక ప్రశ్న పుట్టును. బాంబులు వేసినవారి విమానమును ఇంత శ్రద్ధతో, ఇంత సుందరముగా చేయుట తగునా? మా పాఠశాలలో ఒక విద్యార్థి ఈ ప్రశ్న వేసెను. అది సరియైన ప్రశ్నయే.

మా సమాధాన మిది. వస్తువును దాచినంత మాత్రమున చరిత్ర మారదు. కాని వస్తువును చూపి కథను దాచినచో చరిత్ర చెడును. జీరో విమానము 1940 సెప్టెంబరులో చైనా ఆకాశమున మొదటి యుద్ధము చేసినది. 1944 అక్టోబరు మొదలు యువకులను కూర్చుండబెట్టి శత్రునౌకలపై పడవేసిన ఆత్మాహుతి దాడులకు వాడబడినది. దాని సన్నని రెక్కలు చూచి ముచ్చటపడువాడు ఇవియు తెలిసికొనవలెను. ర్యూజో నౌక తుదకు 1942 ఆగస్టు 24న సముద్రమున మునిగెను. కోగా విమానమును 1945లో శాన్ డియేగోలో నేలమీద మరియొక విమానము ఢీకొని చెడగొట్టెను.

కావున ప్రతి నమూనా ప్రక్కన ఒక చీటి యుంచవలెనని మేము నియమము పెట్టుకొంటిమి. మా చీటి యిట్లున్నది: ‘జీరో, 21వ నమూనా. నిష్పత్తి 1/72. ర్యూజో నౌకకు చెందినది. ఈ నౌక విమానములే 6–4–1942న విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. ఈ విమానము 4–6–1942న అకుటాన్ ద్వీపమున కూలెను. నడిపినవాడు కోగా తదయొషి, 19 ఏండ్లు. రంగు, దొరికిన రేకుముక్కలను బట్టి వేయబడినది.’

ఆ చీటిలో శత్రువు అను మాట లేదు. వీరుడు అను మాటయు లేదు. చదివినవారు తామే తలంతురు. పందొమ్మిదేండ్ల వయస్సు అను మాటవద్ద మా విద్యార్థులు ఆగుదురు. ఏలన, ఆ వయస్సు వారికి మిక్కిలి దూరమున లేదు.

కొలతయందు సత్యము, రంగుయందు సత్యము, చీటియందు సత్యము. ఈ మూడును కూడిననే అది నమూనా. మూడింటిలో ఒకటి తప్పినను అది బొమ్మయే.

అభ్యాసములు

1. జీరో రెక్కలు 12 మీటర్లు. 1/24 నిష్పత్తిలో నమూనా రెక్కలు ఎన్ని మిల్లీమీటర్లు?

2. ఒక విమానికుని ఎత్తు 162 సెంటీమీటర్లు. 1/72 నమూనాలో ఆతని ఎత్తెంత?

3. నిష్పత్తిని 1/72నుండి 1/36కు మార్చినచో, పూయవలసిన రంగు ఎన్ని రెట్లు ఎక్కువ కావలెను? కారణము చెప్పుడు.

4. మీ యింటనో, ఊరనో ఉన్న ఒక పాత వస్తువును ఎన్నుకొని, దాని అసలు రంగును తెలిసికొనుటకు రెండు సాక్ష్యములను వెదకుడు. ఆ రెండును ఒకే మాట చెప్పుచున్నవా?

5. ఆ వస్తువునకు ఆరు వాక్యములలో ఒక చీటి వ్రాయుడు.